పౌరుషగుణములును రాధికాసాంత్వనమును

పురుషశబ్దమునుండి పౌరుషశబ్దము పుట్టినది. పురుషుని భావమనియుఁ, బురుషుఁడు చేయు కార్యమనియు దాని మూలార్థము. వ్యవహారములో నాయర్థము క్రమముగ సంకోచించి, పరాక్రమము, పంతము అను రెంటికడ నిలిచిపోయినది. ఎవనికైన నొకమాటకుఁ గోపము వచ్చినచో వానికిఁ బౌరుషము పొడుచుకొనివచ్చినదని లోకులందురు. ఈ సంకోచము వాడుకమాటలకు మాత్రమే పరిమితమైనచోఁ జర్చింపఁ బనిలేదు. కాని యదియే కొలఁబద్దగాఁ గొని కావ్యములను గొలిచిన సందర్భములు తెలుఁగుసాహిత్యచరిత్రమునఁ గలవు. వానిలో ముఖ్యమైనది ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును గూర్చి 1910 ప్రాంతమున జరిగిన వివాదము. ఆ వివాదమున బైటికి వినఁబడిన మాట అశ్లీలత. లోపల నుండిన ప్రశ్న వేఱు. శృంగారమున స్త్రీకిఁ బురుషునితో సమానముగఁ బలుకు నధికారము కలదా, ఆమె పలికినచో వినిన పురుషుని పౌరుషమునకుఁ గొఱఁత కలుగునా యనునదే యాప్రశ్న. దీనికి నాఁటి పండితులలోఁ బెక్కురు చెప్పిన సమాధానమును, వారు ప్రమాణముగఁ గొనిన యలంకారశాస్త్రము చెప్పెడి సమాధానమును ఒకటి కావు. ఆ భేదమును విచారించుటయే యీవ్యాసమునకుఁ బ్రయోజనము.

ముద్దుపళని తంజాపురము నేలిన మహారాష్ట్రప్రభువగు ప్రతాపసింహుని యాస్థానమున నుండిన విదుషి. ఆ రాజు 1739 మొదలు 1763 వఱకు రాజ్యము చేసెను. తంజాపురమునఁ దెలుఁగుకవిత్వము స్త్రీలకుఁ గొత్తది కాదు. అంతకు ముందు నాయకరాజుల కాలముననే రఘునాథనాయకుని సభలో రామభద్రాంబ, మధురవాణి యనువారు సంస్కృతమునఁ గావ్యములు వ్రాసిరి. విజయరాఘవనాయకుని సభలో రంగాజమ్మ తెలుఁగున మన్నారుదాసవిలాసమును రచించి సత్కారములు పొందెను. ఆ పరంపరలోనిదే ముద్దుపళని. ఆమె దేవదాసికులమునఁ బుట్టినది. సంగీతసాహిత్యములను గులవిద్యగ నభ్యసించినది. ఆండాళ్ తిరుప్పావైని ననుసరించి సప్తపదములను రచించినది. రాధికాసాంత్వనము నాలుగాశ్వాసముల శృంగారప్రబంధము. 584 పద్యములు గలది.

కథ చిన్నది. రాధ తాను పెంచిన ఇళాదేవిని శ్రీకృష్ణునకుఁ బరిణయము చేయించును. నూతనవధువగు నిళకు మెలఁగవలసిన తీరు తానే చెప్పును; ముగ్ధయగు నామెయెడ మృదువుగ వర్తింపుమని కృష్ణునకును దానే బోధించును. అటుపిమ్మటఁ గృష్ణుఁ డిళయందే మగ్నుఁడై తన్ను మఱచుటచే నామె విరహముచేతను నీర్ష్యచేతను దపించును. చిలుకను రాయబారమంపును. తుదకుఁ గృష్ణుఁడు వచ్చి, యామె కోపమునకు లోఁబడి, ప్రాధేయపడి, పాదములపై వ్రాలి, యామెను బ్రసన్నురాలిని జేసికొనును. ఈ ప్రబంధమున నాయకుని దిగ్విజయములు లేవు, యుద్ధములు లేవు. ఒక స్త్రీ తన మనసును దాఁచక పలుకుటయు, నొకపురుషుఁడు దానిని వినుటయుఁ గలదు. కావ్యమునకుఁ బేరు పరిణయము గాక సాంత్వన మగుట గమనింపఁదగినది. కవయిత్రికి వివాహము కథకు నాందియే గాని ఫలము గాదు.

ఈ గ్రంథమును మొదట నచ్చుపఱచినవాఁడు సి. పి. బ్రౌనుదొరకు సహాయుఁడుగ నుండిన పైడిపాటి వెంకటనరసు. ఆయన ప్రతి 1887లో వెలువడినది. అందుఁ గొన్నిపద్యములు విడువఁబడినవి. అంతేకాదు, కవయిత్రి తన వంశమును జెప్పుకొనిన పీఠికయును, గ్రంథాంతమునందలి గద్యయును విడువఁబడినవి. పీఠికలో ముద్దుపళని తన యింటి స్త్రీల విద్యావైభవమును బేర్కొని వారి పరంపరలోఁ దాను నిలిచినది. శృంగారపద్యములను దీసివేయుటకు నీతి యొక కారణమని చెప్పవచ్చును. వంశవర్ణనమును దీసివేయుటకు నీతి కారణము గాఁజాలదు. పద్యమున్నను గర్త్రి లేకపోయినదేని, యాపద్య మెవరి నోటినుండి వచ్చినదను ప్రశ్నయే యుదయింపదు.

బెంగుళూరు నాగరత్నమ్మగారు మైసూరుసీమయందు 1878లో జన్మించి, మదరాసునందు గాయనిగఁ బ్రసిద్ధికెక్కినవారు. వారు వ్రాఁతప్రతిని సంపాదించి యచ్చుప్రతితోఁ బోల్చి, లోపించిన భాగములను బూరించి, 1910లో వావిళ్ళ రామస్వామిశాస్త్రులు అండ్ సన్సువారిచేఁ బ్రకటింపించిరి. ఆ ప్రతికిఁ దామే పీఠిక వ్రాసిరి. తెలుఁగునఁ బ్రాచీనకావ్యమునకు స్త్రీ చేసిన పరిష్కరణములలో నిది మొదటితరమునకుఁ జెందినది.

అప్పటికే కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ యాంధ్రకవుల చరిత్రములో ముద్దుపళనిని గూర్చి తీర్పు చెప్పియుండిరి. ఆమె పాండిత్యమును, శైలీమాధుర్యమును వా రంగీకరించిరి. కాని గ్రంథమున స్త్రీలు వినఁదగనివి గలవనియు, నట్టివి స్త్రీ నోటినుండి వెలువడుట మిక్కిలి జుగుప్సాకరమనియు నభిప్రాయపడిరి. కవయిత్రి శీలమును సైతము నిందించిరి. దీనికి నాగరత్నమ్మగారు పీఠికలో నుత్తరమిచ్చిరి. సిగ్గును సభ్యతయు స్త్రీలకు మాత్రమే విధింపఁబడినవా, పురుషులకు లేవా యని యడిగిరి. పంతులుగారి యామోదము పొందిన గ్రంథములలోని శృంగారము దీనికిఁ దక్కువ గాదని సారంగు తమ్మయ్య వైజయంతీవిలాసము నుదాహరించిరి. వా రడిగినది మినహాయింపు గాదు, ఒకేతూనిక. ఆ ప్రశ్నకుఁ దగిన ప్రత్యుత్తర మాకాలమున రాలేదు. రచించినదియుఁ బరిష్కరించినదియు వేశ్యలే యను నాక్షేపము మాత్రము పత్రికలకెక్కినది. 1911లో గ్రంథమశ్లీలమని ప్రభుత్వము నిర్ణయించి ప్రతులను వశపఱచుకొనినది. ప్రకాశకులును, కొందఱు పండితులును విన్నవించుకొనిరిగాని ఫలింపలేదు. ఆ నిషేధము 1947లోఁ దొలఁగినది. దానిని దొలఁగించిన కీర్తి టంగుటూరి ప్రకాశము పంతులుగారిది.

ఇందు మొదట గుర్తింపవలసిన విషయ మొకటి కలదు. వీరేశలింగము పంతులుగారు పూర్వాచారపరాయణులు గారు. 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టినవారు వారు. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమునఁ దొలి వితంతువివాహము చేయించినవారు వారు. స్త్రీలకొఱకే సతీహితబోధినిని నడపినవారు వారు. స్త్రీవిద్యావిషయమున వారి కెదురు నిలిచిన పండితులలో నాంధ్రభాషాసంజీవని పత్రికాధిపతులగు కొక్కొండ వెంకటరత్నము పంతులుగా రగ్రగణ్యులు. స్త్రీకి విద్య గఱపినచో గృహధర్మము చెడునని యొకపక్షము. విద్య గఱపినచో గృహధర్మము బాగుపడునని రెండవపక్షము. వాద మెంత తీవ్రమైనను రెండుపక్షములకును దుదిప్రమాణము గృహధర్మమే. స్త్రీ తనకొఱకుఁ దాను చదువుటయు, దనకుఁ దోఁచినది తాను వ్రాయుటయు నాచర్చలో నెక్కువగ స్థానము పొందలేదు. ఆ కారణముచేతనే రాధికాసాంత్వనము కడకు వచ్చునప్పటికి సంస్కర్తయుఁ బూర్వాచారపరుఁడును ఒకేబల్లపైఁ గూర్చుండఁగల్గిరి. పంతులుగారి మహోపకారమును దగ్గించుటకై యీమాట చెప్పుట గాదు. పురుషుఁడు స్త్రీని రక్షించుట వేఱు, స్త్రీని సమానురాలిగ నంగీకరించుట వేఱు. మొదటిదానియందు నాయన యగ్రేసరులు. రెండవదానిని బరీక్షించు సమయము కవిత్వమున వచ్చినది.

ఇఁక నాక్షేపములను విచారింపవలెను. అవి మూఁడు. స్త్రీ తన కామమును దానే వర్ణించుట యనౌచిత్యమనునది మొదటిది. నాయకుఁడు స్త్రీకి లోఁబడి ప్రాధేయపడుట పురుషగౌరవమునకు భంగమనునది రెండవది. ఇట్టి గ్రంథములు యువజనుల మనసులను జెఱుచుననునది మూఁడవది.

మూఁడవదానిని ముందుగఁ జూచుట మేలు. ఇది తేలికగఁ ద్రోసివేయఁదగినది గాదు. ప్రబంధములందలి సంభోగవర్ణనములు బాలురకుఁ బాఠ్యములుగ నుండఁదగవని నిజముగ నమ్మినవారు గలరు. ఆ నమ్మకము నిష్పక్షపాతమైనచో గౌరవార్హమే. కాని నియమ మందఱకు నొకటి కావలెను. శ్రీనాథుని శృంగారనైషధము, చేమకూర వేంకటకవి విజయవిలాసము మొదలగునవి శృంగారవర్ణనములతో నిండినవే. అవి యచ్చగుచునేయున్నవి, పండితులు వ్యాఖ్యలు వ్రాయుచునేయుండిరి. రాధికాసాంత్వన మొక్కటియే 36 ఏండ్లు చీఁకటిలో నుండెను. దోషము వర్ణనమునందే యున్నచో శిక్ష యిట్లు ముఖము చూచి పడియుండదు.

మొదటి యాక్షేపమునకు శాస్త్రమునుండియే సమాధానము గలదు. శృంగారమునకు స్థాయి రతి. ఆ రతి నాయికానాయకుల నిరువురను బొంది యుండవలెను. ఒక్కరియందే యున్న రతి రసము గాదు, రసాభాస మని సాహిత్యదర్పణమున విశ్వనాథుఁడు చెప్పెను. అనఁగా సమానురాగము శృంగారమునకు నలంకారము గాదు, ప్రాణము. రెండవమనసులోఁ గల యనురాగ మెఱుఁగఁబడవలెనన్న నా రెండవమనసు పలుకవలెను. పురుషకవులు శతాబ్దులుగ స్త్రీ నోటఁ దామే పలికించిరి. క్షేత్రయ్య పదములలో మాటాడునది చాలవఱకు స్త్రీయే, వ్రాసినవాఁడు పురుషుఁడు. పురుషుఁడు స్త్రీయై పలికినప్పు డౌచిత్యమగునది స్త్రీయే పలికినప్పు డనౌచిత్యమగుట యెట్లు? ఔచిత్యము పాత్రకును రసమునకును జెందినది గాని కవి జన్మమునకుఁ జెందినది గాదు.

ఐనను శాస్త్రము సర్వసమత్వమును బోధించినదని చెప్పుట సత్యము గాదు. ఒకనాయికకుఁ బెక్కునాయకులయందు రతి యున్నచో నది రసాభాసమని యావిశ్వనాథుఁడే చెప్పెను. పెక్కుభార్యలయందు సమానముగ మెలఁగు పురుషునకు మాత్రము దక్షిణనాయకుఁడని మంచిపేరు వచ్చినది. ఈ వైషమ్యము శాస్త్రమునందే యున్నది. పండితులు దానిని కల్పింపలేదు. కాని వారు శాస్త్రమునందలి వైషమ్యమును నిలుపుకొని, యాశాస్త్రముననే యున్న సమత్వమును విడిచిరి. వారి పూర్వాచారభక్తియందలి లోప మిదియే.

రెండవ యాక్షేపము వ్యాసారంభమునఁ జెప్పిన పౌరుషశబ్దమును దిరుగఁ దెచ్చుచున్నది. నాయకునకు సత్త్వజములగు పౌరుషగుణము లెనిమిది గలవని దశరూపకమున ధనంజయుఁడు నిరూపించెను. అవి శోభ, విలాసము, మాధుర్యము, గాంభీర్యము, స్థైర్యము, తేజస్సు, లలితము, ఔదార్యము. ఇవి సామాన్యముగఁ జెప్పిన సుగుణములు గావు. పౌరుషములను పేరితోనే చెప్పఁబడినవి. మాధుర్యమనఁగా గొప్పక్షోభ కలిగినను వికారము మృదువుగ నుండుట. గాంభీర్యమనఁగా వికారము బైటికిఁ గానరాకుండుట. లలితమనఁగా శృంగారచేష్టలు సహజసుకుమారములై యుండుట. ఔదార్యమనఁగాఁ బ్రియవచనముతో నిచ్చుట. ఆ యీవి ప్రాణమువఱకు నుండవచ్చును. అధిక్షేపమును బ్రాణాంతమైనను సహింపకుండుట తేజస్సు. పౌరుషమనఁగా నవమానమును సహింపమి యను లోకవ్యవహారము ఈ యెనిమిదింటిలో నొక్కదానిని మాత్రమే పట్టుకొనినది. నిందించిన పండితులకును రాధ కోపము నెదుటఁ గృష్ణుని తేజస్సు తక్కువయైనట్లు కనఁబడినదేగాని, యాతని మాధుర్యమును లలితమును గనఁబడలేదు.

శాస్త్ర మింకను స్పష్టముగఁ జెప్పినది. మానమును బోఁగొట్టుట కుపాయము లాఱు: సామము, భేదము, దానము, నతి, ఉపేక్ష, రసాంతరము. నతి యనఁగాఁ బాదములపై వ్రాలుట. అది నాయకుని దైన్యముగ నిందింపఁబడలేదు. చేయఁదగిన యుపాయముగ విధింపఁబడినది. సామమునకే సాంత్వమని పర్యాయము. కావున ముద్దుపళని తన గ్రంథమునకుఁ బెట్టిన పేరు స్వచ్ఛందముగఁ గల్పించినది గాదు. ఆఱింటిలో మొదటిదానిని గావ్యమున కంతకును శీర్షికగఁ జేసినది. శాస్త్ర మొక శ్లోకమున ముగించిన విషయము నామె ప్రబంధముగఁ బెంచినది. ఇట్టి కవయిత్రిని శాస్త్రమర్యాద నెఱుఁగనిదని యెవ్వరును జెప్పఁజాలరు.

నంది తిమ్మన పారిజాతాపహరణమును దీనిప్రక్కను బెట్టిచూచినచో విషయము తేటపడును. అందును నాయకుఁడు కృష్ణుఁడే. అలిగిన సత్యభామ పాదములపై నాతఁడు వ్రాలఁగా నామె యెడమకాలితో నాతని శిరమును దన్నును. దానిని కృష్ణుఁడు తనకు మన్ననగనే భావించును. తెలుఁగుపండితు లాఘట్టమును నిందింపరు. తరతరములుగఁ దలయూఁచి చదువుచున్నారు. శ్రీకృష్ణదేవరాయలకును దేవికిని గలిగిన ప్రణయకలహమును దీర్చుటకే తిమ్మన యాకావ్యమును రచించెనని జనశ్రుతియుఁ గలదు. ఆ జనశ్రుతి సత్యమైనను గాకున్నను దానియందలి భావము విలువైనది: సామ్రాజ్యము నేలువాఁ డింటిలో వంగినంతమాత్రమున వాని పౌరుషమునకు హాని లేదని పూర్వులు తలఁచిరి. నతి రెండుకావ్యములందును గలదు, నాయకుఁడు రెంటను ఒక్కఁడే, రసమొక్కటే. భేదము కవియందే యున్నది. పురుషుఁడు వ్రాసిన కావ్యమున వంగిన కృష్ణుఁడు రసికుఁడైనాఁడు. స్త్రీ వ్రాసిన కావ్యమున వంగిన కృష్ణుఁడు పాఠకులకు సంకోచకారణ మైనాఁడు.

రాధికాసాంత్వనము దోషరహితమని దీనిభావము గాదు. సంభోగవర్ణనములు కొన్నిచోట్ల ననవసరముగఁ బెరిగి కథను బట్టి యాపుచున్నవి. దక్షిణాంధ్రప్రబంధములకు సామాన్యమైన యతివర్ణనము దీనియందును గలదు. అంతకంటెఁ బెద్దలోపము ఇళాదేవి పాత్రము. రాధకు మాట యెంత కలదో ఇళకు మౌనమంత కలదు. ఒక స్త్రీ హృదయము పూర్ణముగ వినఁబడుటకై మఱియొక స్త్రీ కథలో నీడగ మిగిలిపోయినది. సమత్వ మీకావ్యమున రాధకృష్ణుల నడుమ సాధింపఁబడినదేగాని, స్త్రీల కందఱకును లభింపలేదు. ఇట్టి విమర్శ చేయుటకు గ్రంథము చేతిలో నుండవలెను. నిషేధించినవారు గ్రంథమునేగాక దానిపై న్యాయమైన విమర్శకుఁ గూడ నవకాశమును దీసివేసిరి. ముద్దుపళనికి దొరకినది రెండే: మొదట దూషణము, పిదప మౌనము. కవికిఁ గావలసిన మూఁడవది, అనఁగా గుణదోషవిచారము, ఆలస్యముగ వచ్చినది. 1991లో సూసీ తారు, కె. లలితలు సంపాదకులుగ భారతీయమహిళల రచనల సంకలన మాంగ్లమున వెలువడిన పిమ్మట దేశాంతరములందును ఈ గ్రంథముపేరు వినఁబడినది.

నాగరత్నమ్మగారు 1952లోఁ బరమపదించిరి. ఆ సంవత్సరముననే వావిళ్ళవారు రాధికాసాంత్వనమును మరల వెలువరించిరి. వారు తమ యార్జనమును వెచ్చించి తిరువైయాఱులోఁ ద్యాగరాజస్వామి సమాధికి ఆలయము గట్టించిరి. 1926లోఁ బ్రతిష్ఠ జరిగినది. ఐనను నాఁటి యారాధనోత్సవములలో స్త్రీలకుఁ బాడు నధికారము లేకుండుటచే వేఱుగ స్త్రీలగోష్ఠి నేర్పఱచి పాడింపవలసివచ్చినది. స్థలము వేఱైనను అడ్డగించిన భావ మొక్కటే. స్త్రీ ధనమిచ్చిన నభ్యంతరము లేదు, సేవచేసిన నభ్యంతరము లేదు. సభలో గొంతెత్తినచో మర్యాదాభంగము. కావ్యవిషయమునను సంగీతవిషయమునను ఆమె యెదుర్కొనినది యాభావమునే.

స్త్రీకి సమత్వ మిచ్చినచోఁ బురుషుని పౌరుషము నశించునని భయపడువారు ప్రతికాలమునను గలరు. వారు తమ పక్షమునఁ బూర్వశాస్త్రములను సాక్ష్యముగఁ బిలుచుటయుఁ గలదు. ఆ సాక్షిని బూర్తిగఁ బ్రశ్నించినచో వేఱుమాట చెప్పుచున్నది. ఎనిమిదిగుణములలో నొకదానిని నిలుపుకొని యేడింటిని గోలుపోయినవాఁడు పౌరుషమును రక్షించుకొనినవాఁడు గాఁడు, దగ్గించుకొనినవాఁడు. ఎదుటిమనసు పలుకునది వినఁగలిగిన మాధుర్యము, తప్పొప్పుకొనఁగలిగిన లలితము, ఈయఁగలిగిన యౌదార్యము నాయకలక్షణములని ధనంజయుఁడు చెప్పిన వానిచే బోధపడుచున్నది. ముద్దుపళని కృష్ణుఁ డాలక్షణములకు లక్ష్యము. 1911లో వశపఱచుకొనఁబడిన ప్రతులతోఁ గూడ మఱుగుపడినది ఒక స్త్రీ రచన మాత్రమే కాదు; పురుషుఁ డెట్లుండఁదగునో చూపు నొక మంచి నిదర్శనము గూడను.